మా అత్త తిప్పని పేజీ

పొద్దున లిఫ్టు దగ్గర పక్క ఫ్లాటు అమ్మాయి తన ఫోను నా కళ్ల ముందు పెట్టింది. తెర మీద ఒక చిన్న మంట బొమ్మ, దాని కింద రెండు వందల పన్నెండు అన్న అంకె.

"రెండు వందల పన్నెండు రోజులు ఆంటీ. ఒక్క రోజు గూడ మిస్ కాలే. పొద్దుగాల అలారం మోగుతది, బైబిల్ల నుంచి ఒక వాక్యం వస్తది, చదివి టిక్కు పెడితే అయిపాయె. మీరు నమ్మకున్నా ఏం కాదు, జర చూడుండ్రి, అలవాటైతది."

"చదివినవో లేదో దానికెట్ల తెలుస్తది?"

"టిక్కు పెడతం గదా."

"చదవకుండ పెడితే?"

"గట్లెందుకు పెడతం ఆంటీ!" అని నవ్వి ఆ పిల్ల ఆఫీసుకు వెళ్లిపోయింది.

నేను రోడ్డు మీదికి వచ్చి ఎల్బీనగర్ ఆటో ఎక్కాను. తుర్కయాంజాల్ నుంచి అటు పోయే ఆటోలో ముగ్గురి చోట ఐదుగురం ఇరుక్కుని కూర్చుంటాం, ఆలోచించుకోవడానికి మంచి చోటు. నలభై ఏళ్లుగా వేదికల మీదా పత్రికల్లోనూ నేను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. నిజమని నీకెలా తెలుసు? బాబాలను అడిగాను, జ్యోతిష్కులను అడిగాను, ఓట్ల కోసం వచ్చినవాళ్లను అడిగాను. ఆ అమ్మాయి చేతిలోని పుస్తకం మీద కూడా నాకు నమ్మకం లేదు. దాని పేరు చెప్పి మనుషులు మనుషులకు చేసిన దుర్మార్గాల గురించి ఒక పూటంతా మాట్లాడగలను. అయినా ఆటోలో నాకు గుర్తొచ్చినవి ఆ దుర్మార్గాలు కావు. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువుకు ఆవల ఉన్న మా ఊళ్లో, జొన్నలు నిల్వచేసే గుమ్మికి వీపు ఆనించి, వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కునే మా మేనత్త గుర్తొచ్చింది.

ఆమె మా ఇంటికి వచ్చింది నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలంలో. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎక్కడో మిషన్ దవాఖాన వంటింట్లో చాలా ఏళ్లు పనిచేసిందని, అక్కడే ఒక నర్సు దగ్గర చదవడం నేర్చుకుందని మాత్రమే మాకు తెలుసు. ఒక రేకు పెట్టె, ఒక చాప, రుమాలులో చుట్టిన నల్ల అట్ట పుస్తకం తెచ్చుకుంది. ఆ రుమాలు విప్పగానే బాపు ముఖం మాడిపోయింది.

బాపు అంటే మా నాన్న, ప్రైమరీ బడి పంతులు. సాయంత్రమైతే సైకిలెక్కి ఇబ్రహీంపట్నం పోయి, బస్టాండు పక్క హోటల్లో ఒక చాయ ముందు పెట్టుకుని, దేవుడున్నాడన్న ప్రతివాడితోనూ వాదించేవాడు. వాదన గెలిచిన రోజు చాయ చల్లారిపోయేది. ఆదివారాలు ఊరూరా సభలు పెట్టేవాడు. ఆ సభల్లో నాకూ పనుండేది. మహిమలు ఒట్టివని చూపించడానికి నా నాలుక మీద కర్పూరం బిళ్ల వెలిగించేవాడు. జనం నోళ్లు తెరిచేవాళ్లు, నేను మాత్రం సమయానికి నోరు మూసేదాన్ని. ఆ పూట అమ్మ పోసిన పచ్చిపులుసు కూడా కర్పూరం రుచే. అయినా నాకెంతో గర్వం. ఊళ్లో మిగతా పిల్లలు దయ్యాలకు భయపడితే నేను దయ్యాలను వెతుక్కుంటూ పోయేదాన్ని.

ప్రతి సభలో బాపు మొదట చెప్పే సంగతి ఒకటుంది. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు మా ఊళ్లో జ్వరాలొచ్చి పసిపిల్లలు చనిపోయారు. బోనాల నాడు ఒక పడుచుపిల్లకు శివం వచ్చింది. శివమంటే మా వైపు పూనకం. ఆ ఊగుతున్న పిల్లను పెద్దలు అడిగారు, ఎవరు చేస్తున్నారు తల్లీ ఇదంతా అని. ఆ పిల్ల ఒక ఆడమనిషి పేరు చెప్పింది. అంతే. ఆ ఆడమనిషి మంత్రాలు చేస్తుందని తీర్మానించి, ఇక మంత్రం పలకకుండా ఆమె ముందరి పళ్లు రాళ్లతో కొట్టి రాలగొట్టారు. ఊరి నుంచి వెళ్లగొట్టారు.

"గా శివమొచ్చిన పిల్ల తప్పు గూడ లేదు," అనేవాడు బాపు, గొంతు తగ్గించి. "గది మనసు జబ్బు. ఆకలి, ఎండ, డప్పుల మోత. ఆమెకేం తెల్వది పాపం."

ఆ పిల్ల ఎవరని నేను ఎన్నడూ అడగలేదు. ప్రశ్నించడం నేర్పిన ఇంట్లో పుట్టి ఆ ఒక్కటీ అడగకపోవడం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అత్త వచ్చిన వారానికే ఇబ్రహీంపట్నం నుంచి ఒక పాస్టరు లూనా మీద మా వాకిట్లోకి వచ్చి ఆమెను పలకరించి పోయాడు. బాపుకు ఇక అనుమానం లేదు. ఎవరో పంపితేనే అక్క వచ్చిందనుకున్నాడు.

"జర కనిపెట్టు," అన్నాడు నాతో. "ఏం చదువుతది, ఎవలతోని మాట్లాడుతది, అన్నీ రాయి."

"చదువుకుంటె చదువుకోనీయరాదుండ్రి," అంది అమ్మ. "ఇల్లంత ఊడుస్తుంది, రొట్టెలు చేస్తుంది, నోరు లేదు. గిట్లాంటి ఆడబిడ్డ ఎవలకు దొరుకుతది?"

"గట్లనే మొదలైతది," అన్నాడు బాపు. "ముందుగాల ఊడుస్తరు."

నేను పాత నోటుపుస్తకం ఒకటి తీసి పైన గీత గీసి పని మొదలుపెట్టాను. అత్త కోడి కూసే వేళకు లేచి వాకిలి చల్లేది. తడిసిన మట్టి వాసన, కంది కట్టె పొగ వాసన కలిసి నా పక్క దాకా వచ్చేవి. పొయ్యి రాజేసి, జొన్నపిండి పిసికి, మొదటి రొట్టె పెనం మీద పడే ముందు ఆ పుస్తకం పట్టుకుని గుమ్మి దగ్గర కూర్చునేది. నాలుగైదు వరుసలు చదివేది, అంతకు మించి లేదు. పుస్తకం మూసి ఏదో గొణిగేది. ఆ గొణుగుడే నాకు కావాలి. ఒక రోజు చీకటితోనే పోయి గుమ్మి వెనక సందులో దూరాను. అక్కడ పొదుగుతున్న కోడి నా మోచేతిని పొడిచింది. జొన్న దుమ్ము ముక్కులోకి పోయి తుమ్మాను.

"ఏం బిడ్డ, గుడ్డు పెట్టినవా?" అంది అత్త, వెనక్కి తిరగకుండానే.

బయటికొచ్చి నిలబడ్డాను. దొరికిపోయినప్పుడు ఎదురుప్రశ్న వేయాలని బాపు నేర్పాడు. "ఏం మంత్రం చదువుతున్నవ్?" అన్నాను.

"మంత్రం గాదు. మూడు మాటలు అడుగుత. గిండ్ల ఏమున్నది? నాకేం సమజ్ కాలే? ఇయ్యాల నేనేం జెయ్యాలె? గంతే."

"ఎవలు జవాబిస్తరు?"

"మూడోదానికి నేనే ఇయ్యాలె," అని లేచి రొట్టె కాల్చడానికి పోయింది.

నా పుస్తకంలో ఆమె చేసే వింత పనుల పట్టిక పెరిగింది. ఒక రోజు అమ్మతో మాటల్లేని పక్కింటామెకు కుండెడు మజ్జిగ తీసుకుపోయి ఇచ్చి వచ్చింది. ఇంకో రోజు అమ్మ ముందు నిలబడి, మామిడికాయ తొక్కు జాడీ పగిలింది పిల్లి వల్ల కాదు, తన చేతి నుంచే జారిందని చెప్పింది. అమ్మ పడీ పడీ నవ్వింది. "పిల్లిని ఉత్తగనే కొట్టిన గద వదినె!" అంది. నేను ఆ నవ్వు కూడా రాసుకున్నాను. బాపు అదంతా చదివి, మజ్జిగ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీశాడు. ఆయన లెక్కన ఆ మజ్జిగ ఒక పథకం.

అత్త చెరువు వైపు పోయినప్పుడు నేను రుమాలు విప్పి, దారం పెట్టిన చోట పేజీ అంకె చూసి రాసుకునేదాన్ని. మామిడిపళ్లు పండే రోజుల్లో నాకొక రహస్యం దొరికింది. అంకె మారడం లేదు. ఒక రోజు, రెండు రోజులు కాదు. పన్నెండు రోజులుగా అదే పేజీ. రోజూ పొద్దున కూర్చుంటుంది, వేలు పెడుతుంది, పెదవులు కదుపుతుంది. పేజీ మాత్రం తిరగదు. నా లెక్కలో అది పట్టుబడ్డ మోసం. బాపుకు చెప్పేసరికి ఆయన కళ్లు మెరిశాయి.

ఆ సాయంత్రం ఎండుచేపల కూర, జొన్నరొట్టె. మా వైపు చెరువు చేప ఎండబెడితే వచ్చే వాసన వీధి చివరి దాకా పోతుంది. బాపు మొదటి ముద్ద తినకుండానే సభ మొదలుపెట్టాడు.

"అక్కా, దినాం చదువుతున్నవ్ గద. పన్నెండు దినాలకెల్లి గదే పేజి ఎందుకున్నది? చదువుడా, యాక్టింగా?"

అత్త నా వైపు చూసింది. కోపం లేదు. నేను కూరలో ముల్లు వెతుక్కున్నాను.

"గిండ్ల రాసింది ఇంక జేయలే," అంది. "జేసేదాక ముందలికి పోను. నేను గట్లనే చదువుత."

"గట్లయితె నీ జన్మల పుస్తకం ఒడవది."

"ఒడవకపోని. ఒడగొట్టాల్నని ఎవలన్నరు?"

 హోటల్లో ఎవరూ బాపుకు ఇలా జవాబిచ్చి ఉండరు. "అయితె ఏం జెయ్యమన్నది గంత కష్టమైంది?"

"ఎవలకన్న నా మీద మనసుల బాధ ఉంటె, మొక్కు ఆడనే ఇడిసిపెట్టి, ముందుగాల ఆళ్ల దగ్గరికి పొమ్మన్నది."

"ఎవలకున్నది నీ మీద బాధ? పిల్లికా?"

అమ్మ నవ్వబోయి ఆగింది. అత్త కంచం పక్కకు జరిపింది.

"తమ్మీ, నువ్వు సభల్ల జెప్తవ్ సూడు, శివమొచ్చిన పిల్ల అని. గా పిల్లకు శివం రాలే. నేను ఉత్తగనే ఊగిన."

ఆ పిల్ల మా అత్తేనని నాకు తెలిసింది ఆ మాటతోనే. ఆమె అప్పుడు చెప్పింది, నేల చూస్తూ, ఒక్కో మాట వేలు పెట్టి చదివినట్టు చెప్పింది. పదహారేళ్ల వయసు. బోనం ఎత్తుకుని నడుస్తుంటే ఎండకు ఒళ్లు తూలింది. తూలగానే జనం జరిగి దారిచ్చారు, పెద్దపెద్దవాళ్లు చేతులు జోడించారు. అది బాగుందనిపించి కావాలనే ఊగింది. బొడ్రాయి దగ్గర పెద్దలు అడిగారు, ఎవరని. అంతకు నెల ముందే ఆ ఆడమనిషి, అత్త ఒక కుర్రాడితో మాట్లాడుతుంటే చూసి ఇంట్లో చెప్పి దెబ్బలు తినిపించింది. ఆ కోపం నాలుక చివరనే ఉంది. ఆ పేరే వచ్చింది.

"ఒట్టిగ తిడతరు అనుకున్న," అంది అత్త. "గంత జేస్తరని ఎర్కలే. నోరు తెరిస్తె నన్నే కొడతరని ఊకున్న."

 దానికి బాపు అన్న మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూ ఉంటుంది.

"నీకు తెల్వదక్కా. గది జబ్బే. గా హాలత్‌ల మనిషి ఏమంటున్నడో మనిషికే ఎర్క ఉండది. నేను చదివిన."

"నువ్వు చదివినవ్. నేను అన్న. తెలిసే అన్న."

"కాదు. గా పాస్టరు గిదంత నీ నెత్తిల పెట్టిండు."

చూశారా. దేవుణ్ణి రుజువు చూపించమని నిలదీసే మనిషి, రుజువు తన ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే చెవులు మూసుకున్నాడు. ఆయన సిద్ధాంతానికి ఆయన అక్క అమాయకురాలై ఉండాలి. మేం హేతువాదులం కూడా పూనకాలు పెంచి పోషిస్తాం, వాటికి పుస్తకాల పేర్లు పెట్టుకుంటాం. ఈ మాట రాసినందుకు మా సంఘంలో కొందరు నాతో మాట్లాడడం మానేస్తారు. మానేయనీ.

మూడు రోజులు బాపు హోటలుకు పోలేదు. నాలుగో రోజు బాపు హుషారుగా వచ్చాడు. రాత్రంతా ఆలోచించినట్టున్నాడు.

"అక్కా, ఆదివారం సభకు రా. పూనకమంత నాటకమని నీ నోటితోని చెప్పు. గింతకంటె సాక్ష్యం ఏం గావాలె లోకానికి?"

ఆ వారమే పాస్టరు లూనా దిగాడు. అత్త ఆయనకూ చెప్పినట్టుంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు నిజమైనవో కావో నాకు తెలియదు.

"ప్రార్థన కూడికల మైకు ముంగట సాక్ష్యం చెప్పాలమ్మా. ఎంతమంది మారుతరో!"

అత్త ఇద్దరినీ ఒకటే అడిగింది. "గక్కడికి నేను పేరు చెప్పినామె వస్తదా?"

"ఆమె ఎందుకు?" అన్నాడు బాపు.

"ఆమె ఎందుకమ్మా, దేవుడు విన్నడు, మాఫ్ చేసిండు," అన్నాడు పాస్టరు.

"దెబ్బలు దేవునికి తాకలే గద," అంది అత్త. పాస్టరు చాయ తాగకుండానే పోయాడు.

అమ్మ భయం వేరు. రొట్టెలు చేస్తూ అత్త చెవిలో అనేది, "వదినె, గిది ఊర్ల తెలిస్తె అమ్మవారి పేరు మీద అబద్ధమాడినవని మనల్ని వెలేస్తరు. నీకు గీ ఇల్లు తప్ప ఇంకేమున్నది? ఇడిసిపెట్టు." అది నిజమే. అత్తకు ఆ గుమ్మి పక్కన పరిచిన చాప తప్ప లోకంలో మరో చోటు లేదు. పుస్తకం మూసి రుమాలులో చుట్టేస్తే బతుకు సాగిపోయేది.

ఒక పొద్దున నన్ను లేపింది. "నాతోని వస్తవా? అన్నీ రాసుకుంటవ్ గద, గిది గూడ రాసుకుందువు." నా గూఢచారి పుస్తకం సంగతి ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

రెండు బస్సులు మారి బాలాపూర్‌లో దిగి, రాళ్ల మధ్య బండ్ల బాట పట్టుకుని జల్‌పల్లి దాకా నడిచాం. ఎవరిని అడిగి తెలుసుకుందో, అత్తకు దారి తెలుసు. ఇప్పుడు అక్కడ మేడలు, దుకాణాలు. అప్పుడు చెరువు గట్టున పది ఇళ్లు, చివర ఒక ఒంటి గది. గది ముందు మోదుగాకుల కుప్ప. ఒక ముసలామె సన్న పుల్లలతో విస్తర్లు కుడుతోంది. వాడిన ఆకుల పచ్చి వాసన. మేం వచ్చి నిలబడినా తల ఎత్తలేదు.

"నేను..." అంది అత్త.

"ఎర్కనే. దూరంకెల్లి నడక జూస్తెనే ఎర్కైంది." ముందరి పళ్లు లేక ఆ మాటల్లోంచి గాలి పోతోంది.

అత్త వంగి కాళ్లు పట్టుకోబోయింది. ముసలామె కాళ్లు లోపలికి లాక్కుంది. "ముట్టకు. పనున్నది. వచ్చిన మాటేందో చెప్పు."

అత్త చెప్పింది. ఇంట్లో చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పెంచలేదు. నేను సరిచూసుకున్నాను.

"తెలిసే అన్నవా?"

"తెలిసే అన్న."

చేతిలోని ఆకు పడిపోయింది. ఆమె మొదటిసారి తల ఎత్తింది.

"నేనేమో ఇన్నేండ్ల సంది నా మీదనే అనుమానపడ్డ. అమ్మవారు ఉత్తగ అంటదా, నాకే తెల్వకుండ నాల ఏమన్న ఉన్నదేమో అనుకున్న. మా చెల్లె బిడ్డను ఎత్తుకోవాల్నంటె భయమయ్యేది. ఎత్తుకోలే. ఒక్క పిల్లను ఎత్తుకోలే."

అత్త ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని నాకనిపించింది. ముసలామె గొంతు గట్టిపడింది.

"గిప్పుడెందుకొచ్చినవ్? ఎవలు పంపిన్రు?"

"ఎవలు పంపలే. బైబిల్ల..." అని అత్త ఆ పేజీ సంగతి చెప్పింది.

"ఓహో. నీ పేజి తిరుగుత లేదని వచ్చినవా? నీ పేజి తిప్పనీకి నేను గావాల్నా?"

అత్త కింద పడిన ఆకు తీసి కుప్ప మీద పెట్టింది.  పశ్చాత్తాపం మీద నేను చదివిన వ్యాసాలన్నీ ఆ ప్రశ్న ముందు కాగితాలే.

"నాకు చెప్తె ఏమొస్తది?" అంది ముసలామె మళ్లీ ఆకు అందుకుంటూ. "యాడ అన్నవో ఆడ చెప్పు. ఎవల ముంగట అన్నవో ఆళ్ల ముంగట చెప్పు. పో."

నాకు సత్తు గ్లాసులో నీళ్లు ఇచ్చింది. అత్తకు ఇవ్వలేదు. అత్త అడగలేదు.

ఆషాఢం దగ్గర పడింది. బోనాల రోజు ఖాయం చేయడానికి ఊరి పెద్దలు బొడ్రాయి దగ్గర కూర్చున్నారు. ఊరి నడుమ పాతిన ఆ రాయికి అప్పుడే పసుపు పూశారు. ఆ కూర్చున్నవాళ్లలో సగం మంది వెనకటి ఆ రోజు అక్కడున్నవాళ్లే. అమ్మ గడపకు అడ్డంగా నిలబడింది. "వదినె, నీ కాళ్లు మొక్కుత." అత్త ఆమె చెయ్యి నెమ్మదిగా తీసి పక్కన పెట్టి నడిచింది. నేను వెనక. బాపు రానన్నాడు. కానీ కాసేపటికి సైకిలు పట్టుకుని దూరంగా వచ్చి నిలబడ్డాడు.

అత్త బొడ్రాయి ముందు నిలబడి చెప్పింది. తన వయసు చెప్పింది, తన కోపం చెప్పింది, ఆ ఆడమనిషి పేరు చెప్పింది. ఆమె ఏ మంత్రమూ చేయలేదంది. నాకు శివం రాలే, నేను అబద్ధమాడిన, అంది. మధ్యలో ఒక మాట మరిచింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

 ఒక ముసలాయన లేచి తువ్వాలు దులుపుకుని ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికి పోయాడు. ఆ రోజు రాయి పట్టింది ఆయనేనని తర్వాత అమ్మ చెప్పింది. కల్లు గీసే ఆయన నవ్వాడు. "గప్పుడు అమ్మ పలికింది, గిప్పుడు పాస్టరు పలుకుతుండు," అన్నాడు. ఇంకొకాయన బాపు వైపు తిరిగాడు.

"పంతులూ, నువ్వు చెప్పు. గది జబ్బని నువ్వే సభల్ల చెప్తివి. మీ అక్క గిప్పుడు తెలిసే అన్న అంటుంది. ఏది నిజం?"

అందరూ ఆయన వైపే చూశారు. జబ్బు అని ఒక్క మాట అంటే చాలు. అక్క మీద నింద పోతుంది, ఇల్లు నిలుస్తుంది, ఆయన ఇరవై ఏళ్ల ఉపన్యాసం నిలుస్తుంది. బాపు సైకిలు గంటను బొటనవేలితో తడిమాడు.

"అక్క చెప్పిందే నిజం," అన్నాడు. "నేను చెప్పింది తప్పు."

ఏ వాదనలోనూ ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. ఎంత చిన్నగా అన్నాడంటే సగం మందికి వినబడలేదు.

ఆ ఏడు బోనాలకు డప్పులు మా ఇంటి ముందు ఆగకుండా పోయాయి. బోరింగు దగ్గర అమ్మను చాలా నెలలు ఎవరూ పలకరించలేదు. అమ్మ అత్తను తిట్టేది, తిడుతూనే ఆమె కంచంలో రొట్టె వేసేది. ఇల్లు వదిలి పొమ్మని ఎవరూ అనలేదు. ఆ తర్వాత అత్త పేజీ తిప్పిందా లేదా అని నన్ను అడగొద్దు. నేను మళ్లీ రుమాలు విప్పి చూడలేదు. ఆమె ఆ పుస్తకాన్ని నమ్మినంత నేను నమ్మను. ఆమె చదివినట్టు చదివేవాళ్లను మాత్రం తర్వాత ఎక్కడా చూడలేదు, గుళ్లోనూ చర్చిలోనూ మా సభల్లోనూ.

జల్‌పల్లికి కబురు తీసుకుపోవాలి. అత్త పోనంది. "నేను పోతె మల్ల నా కోసమే పోయినట్టైతది. నువ్వు పో. చూసింది చూసినట్టు చెప్పు." బాపు నన్ను తీసుకుపోయాడు కానీ బాట మలుపులోనే ఆగిపోయాడు. గది దాకా నేనొక్కదాన్నే పోయాను.

"చెప్పింది," అన్నాను.

"మీ అత్త పంపితె వచ్చినవ్. ఎట్ల నమ్మాలె?" అంది ముసలామె.

నేను నోటుపుస్తకం తెరిచాను. ఆమె నన్ను అడిగినట్టు ఏ కోర్టులో వకీలూ ఎవరినీ అడిగి ఉండడు. ఎంతమంది ఉన్నారు? ఎవరెవరు? నిలబడి చెప్పిందా, కూర్చుని చెప్పిందా? ఏడ్చిందా? ఏడవలేదంటే తల ఊపింది. ఎవరన్నా నవ్వారా?

"నవ్విన్రు," అన్నాను. చెప్పక తప్పలేదు. "కల్లు గీసే ఆయన."

"నవ్విన్రంటె నిజమే అయ్యుంటది," అంది. "కట్టుకథలైతె అందరు ఏడుస్తరు."

సాక్ష్యాన్ని ఎలా తూచాలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. చెప్పింది పళ్లు లేని ఒక ఆడమనిషి, ఆకులు కుడుతూ. ఆమె మా అత్తను క్షమించిందని నేననుకోను. ఆ రోజు ఆ ఊసే ఎత్తలేదు, ఆ తర్వాత కూడా ఎత్తినట్టు వినలేదు. ఒక్కటి మాత్రం అడిగింది.

"నా పేరు పెట్టి చెప్పిందా?"

"పెట్టే చెప్పింది."

"ఏమని? అను."

మా ఊళ్లో ఆ పేరు ఎవరూ పలికేవారు కాదు. మంత్రాలామె అనేవాళ్లు. ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడం కూడా మానేశారు. నేను మెల్లగా అన్నాను.

"గట్టిగ."

గట్టిగా అన్నాను.

"ఇంకొక్కసారి."

మూడోసారి అన్నప్పుడు ఆమె చేతిలోని పుల్ల ఆకు మీద ఆగింది. వాకిట్లోంచి ఎవరో పిలిస్తే లోపలి నుంచి బదులిచ్చినట్టు, "ఆఁ" అని పలికింది.